సుంకి ఘాటీ దిగే ట్రెయిలర్‌కు ఎగ్జాస్ట్ బ్రేకు చాలుతుందా?

టెక్కలి రాయిబండి:
ఏడేళ్లుగా టెక్కలి క్వారీల నుంచి విశాఖ పోర్టుకు గ్రానైట్ దిమ్మలు తోలుతున్నాను. 16వ నంబరు హైవే మీద గేదెలు అడ్డొస్తే తప్ప బ్రేకుల గురించి ఆలోచించే పని పడలేదు. ఇప్పుడు కోరాపుట్ వైపు నుంచి సరుకు దింపే కిరాయి ఒప్పుకున్నాను. అంటే సుంకి, పి.కోనవలస మీదుగా సాలూరుకు నిండు లోడుతో దిగాలి.

రెండు పాత బండ్లు చూశాను, రెండూ 40 టన్నులవే. ఒకదానికి 180 హెచ్‌పీ ఇంజిను, సైలెన్సర్ గొట్టాన్ని మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు. రెండోదానికి ఇంజిను లోపలే వాల్వులతో వేగం తగ్గించే కంప్రెషన్ బ్రేకు ఉంది కానీ మూడు లక్షలు ఎక్కువ చెబుతున్నారు. ఆ మూడు లక్షలు పెట్టడం దండగా, కాదా?

సాలూరు పాతకాపు:
దండగే తమ్ముడూ. ఆ రోడ్డు నంబరు ఇప్పుడు 26 అయింది కానీ నాకు ఇంకా 43 అనే నోటికి వస్తుంది. ఎగ్జాస్ట్ బ్రేకు అసలే లేని బండ్లతో ఆ ఘాటీ దిగినవాణ్ణి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, అంతకంటే ఒకటి తగ్గించినా తప్పులేదు. ఎగ్జాస్ట్ బ్రేకులో ఉన్నది ఒక్క రేకు మూత. మసి పడితే మా ఊళ్లో ఏ షెడ్డులోనైనా విప్పి తుడిచి పెడతారు. కంప్రెషన్ బ్రేకు పాడైతే ఇంజిను పైమూత విప్పి వాల్వుల దాకా వెళ్లాలి. ఆ పని తెలిసినవాడి కోసం విశాఖ దాకా తిరగాలి.

విజయనగరం లెక్కల మాస్టారు:
నాకు లారీ లేదు, మా నాన్నగారు తోలేవారు. అందుకే ఈ లెక్క కట్టాను. కొండ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మామూలుగా పెట్టే హద్దు నూటికి 5 మీటర్ల వాలు. దానిమీద 40 టన్నుల బండి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దిగుతూ ఉంటే, టైర్ల రాపిడి తీసేయగా సుమారు 125 హెచ్‌పీ బలాన్ని ఎవరో ఒకరు ఆపాలి. 40లో దిగితే 250. అదంతా చక్రాల బ్రేకు డ్రమ్ముల మీద పడితే ఏమవుతుంది? ఎత్తు వంద మీటర్లు తగ్గేసరికి వందకు పైగా లీటర్ల నీళ్లు మరగడానికి సరిపడే వేడి పుడుతుంది.

ఎగ్జాస్ట్ బ్రేకు ఆపగలిగేది ఇంజిను బలంలో సుమారు సగం. 180లో సగం 90, అంటే 14 కిలోమీటర్ల వేగం వరకే అది ఒంటరిగా మోస్తుంది. కంప్రెషన్ బ్రేకు ఇంజిను పూర్తి బలానికి దగ్గరగా ఆపుతుంది కనుక, ఇంజిను బలం అంతే అయితే, 28 వరకు మోస్తుంది. మూడు లక్షలు పెట్టేది ఈ తేడాకే.

సాలూరు పాతకాపు:
మాస్టారూ, మీ లెక్క నా మాటనే గెలిపించింది. 14లో దిగమనండి! గంట ఆలస్యమైతే కోరాపుట్‌లో తిన్న భోజనం అరుగుతుంది, అంతే కదా.

బొబ్బిలి షెడ్డు:
బాబాయ్, రోజుకో ట్రిప్పు వేసేవాడికి ఆ గంటే డబ్బు. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే 14లో ఎంతమంది దిగుతారు? గేరు పెంచేస్తారు. పెంచితే ఇంజిను తిరుగుడు తగ్గుతుంది, దానితోపాటే ఎగ్జాస్ట్ బ్రేకు పట్టూ తగ్గుతుంది. క్లచ్ తొక్కినా న్యూట్రల్ వేసినా అది సున్నా.

కొందరు రెండూ ఒకటే అనుకుంటున్నారు. డీజిల్ ఇంజినుకు పెట్రోలు బండిలాగా గాలిని బిగించే మూత ఉండదు, అందుకే యాక్సిలరేటర్ వదిలినా పెద్దగా పట్టదు. ఎగ్జాస్ట్ బ్రేకు పొగగొట్టాన్ని మూస్తుంది, పిస్టన్ ఆ ఒత్తిడికి ఎదురు తోయాలి. ఒత్తిడి మరీ పెరిగితే వాల్వు స్ప్రింగులు ఓడిపోయి వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి, అందుకే దాని బలానికి హద్దు. కంప్రెషన్ బ్రేకు పద్ధతి వేరు. పిస్టన్ గాలిని నొక్కి పైకి చేరగానే వాల్వు తెరిచి ఆ గాలిని బయటికి వదిలేస్తుంది. నొక్కిన శ్రమ వృథా అవుతుంది, ఆ వృథాయే బ్రేకు. 1931లో కేలిఫోర్నియాలోని కేజన్ కనుమలో బ్రేకులు పట్టక చావు తప్పించుకున్న, కమిన్స్ ఇంజిన్ల కంపెనీ పెట్టిన క్లెస్సీ కమిన్స్ తర్వాత దీన్ని కనిపెట్టాడు. 1961లో బజారులోకి వచ్చింది.

రాయిబండి అన్నా, ఆ మొదటి బండి దగ్గర స్విచ్ వేసి మూత కదులుతుందో లేదో చూడు. తెరిచి ఉన్న చోటే మసితో బిగుసుకుపోయినవి మా షెడ్డుకు ఎన్నో వస్తాయి. మూత పని చేయకపోయినా డ్యాష్‌బోర్డులో దీపం మాత్రం వెలుగుతుంది.

పలాస వానాకాలం:
ఇంతసేపూ ముందుబండి గురించే మాట్లాడారు. ఈ రెండు బ్రేకులూ పట్టేది ముందుబండి వెనక చక్రాలనే. ట్రెయిలర్ చక్రాలకు వాటితో సంబంధం లేదు. వానలో, అందులోనూ ఖాళీ బండితో, మలుపులో ఇది గట్టిగా పట్టిందంటే ఆ చక్రాలు జారతాయి. వెనకున్న ట్రెయిలర్ తోసుకొచ్చి బండి మడతపెట్టిన కత్తిలా అయిపోతుంది. బలం ఎక్కువైన కొద్దీ ఈ ప్రమాదమూ ఎక్కువే. నన్నడిగితే ఆ మూడు లక్షల్లో కొంత మొదట ట్రెయిలర్ బ్రేకు లైనర్లకు, గాలి గొట్టాలకు పెట్టాలి. తడి రోడ్డు మీద ఆ స్విచ్ ఆపేయాలి.

విజయనగరం లెక్కల మాస్టారు:
ఇది నా లెక్కలోకి రాలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా పొడి రోడ్డు మీద నిండు లోడుతో దిగేవాడికి కంప్రెషన్ బ్రేకే అంటాను.

టెక్కలి రాయిబండి:
ఈ ఉదయం వెళ్లి స్విచ్ వేయించాను. దీపం వెలిగింది, మూత కదలలేదు. ‘మనం హైవే మీదే తిప్పాం కదండీ, ఎప్పుడూ వాడలేదు’ అన్నాడు ఓనరు. నిన్న అదే నోటితో ఘాటీకి బ్రహ్మాండమైన బండి అన్నాడు. రెండోదానికే బయానా ఇచ్చాను. ట్రెయిలర్ లైనర్లు ఆదివారం బొబ్బిలిలో మార్పిస్తాను.

సాలూరు పాతకాపు:
మంచిది. ఆ మొదటి బండి ఓనరు ఊరు ఏదో చెప్పు తమ్ముడూ. మూత కదలకపోతే ధర కదులుతుంది. బేరం నేను ఆడతాను.