బిల్డర్ లైసెన్స్ ‘ఇష్టమైతేనే’ అంటే ఖర్చు ఎవరి నెత్తిన?

ప్రశ్న

టెక్సస్‌లో ప్లంబర్‌కి, ఎలక్ట్రీషియన్‌కి, ఏసీ కాంట్రాక్టర్‌కి స్టేట్ లైసెన్స్ ఉండాలి. ఇల్లు మొత్తం కట్టే బిల్డర్‌కి మాత్రం అక్కర్లేదు. వాళ్లకూ ఒక లైసెన్స్ పెడితే ‘ఇష్టమున్న బిల్డర్లే తీసుకుంటారు, ఫీజు వాళ్లే కడతారు, ఖజానాకు పైసా ఖర్చుండదు’ అనే వాదన నిజమేనా అండీ?

లెక్కల మనిషి

ఫీజు సరిపోయేది కార్డు చేతికిచ్చేదాకానే. అసలు ఖర్చు ఫిర్యాదు రాగానే మొదలవుతుంది. ఒక్క పునాది పగులు కేసు చూడండి: ఇంజనీరు వచ్చి గది గదికీ నేల మట్టం కొలవాలి, ఆపైన నోటీసు, విచారణ, అప్పీలు, లాయరు. చేరింది వందమందైనా వెయ్యిమందైనా ఆఫీసు నడపాల్సిందే. ఫీజు పెంచితే బిల్డర్లు మానేస్తారు, పెంచకపోతే లోటు జనం పన్నుల్లోంచి. ఇంతా చేసి లైసెన్స్ రద్దు చేస్తే, అతను మర్నాడే అది లేకుండా ఇంకో ఇల్లు మొదలుపెట్టుకోవచ్చు. విచారణ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఎడారి గాలి

అరిజోనాలో లైసెన్స్ తప్పనిసరి. అక్కడ నష్టపోయిన ఇంటికి 30,000 డాలర్ల దాకా ఇచ్చే నిధి ఉంది, అందులో డబ్బు కాంట్రాక్టర్లదే. ఇష్టమైతేనే అన్నచోట అలాంటి నిధి నిలవదు. ముంచేవాడు అసలు చేరడు కదా!

పాత ఫైళ్లు

టెక్సస్ కాస్త ఇలాంటిదే 2003లో ఒకటి చేసి చూసింది. రెసిడెన్షియల్ కన్‌స్ట్రక్షన్ కమిషన్ అని పెట్టి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు, పనితనానికి పరీక్ష మాత్రం పెట్టలేదు. తొమ్మిదిమంది సభ్యుల్లో నలుగురు బిల్డర్లే. ఇంటివాళ్లు కోర్టుకెళ్లాలంటే ముందు కమిషన్ తనిఖీ దాటాలి. తప్పు తేలినా రిపేరు చేయించే అధికారం కమిషన్‌కు లేదు. 2009లో శాసనసభ పొడిగించలేదు, 2010కల్లా మూతపడింది.

ప్రశ్న అడిగినవారు

మరి ఇప్పుడు కట్టించుకునేవాళ్లకు దారేది?

స్లాబు ముందు చూపు

కౌంటీ (మన జిల్లా లాంటిది) తనిఖీల నిబంధన పెట్టుకుంటే, సిటీ హద్దు బయట కట్టే ఇంటికి కనీసం మూడు తనిఖీలు: పునాది కాంక్రీటు పోయకముందు, డ్రైవాల్ (గోడలకు కొట్టే జిప్సం పలకలు) కొట్టకముందు, పని పూర్తయ్యాక. అయితే ఆ ఇన్‌స్పెక్టర్‌ని పెట్టేది బిల్డరే. అందుకే మీ తరఫున ఇంకొకర్ని పెట్టుకోండి. టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చే ఇన్‌స్పెక్టర్ లైసెన్స్ ఉందో లేదో చూసి మరీ.

మొదటి తనిఖీ వదలొద్దు. డాలస్ చుట్టుపక్కల నల్లరేగడి వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది స్లాబులో వేసే ఉక్కు కేబుళ్లు చెయిర్ల (వాటిని ఎత్తి పట్టే చిన్న ఆధారాల) మీద నిలిచాయా, మట్టిలోకి కుంగాయా, బీమ్ గుంతల్లో నీళ్లు, బురద ఉన్నాయా అన్నది అప్పుడే కనిపిస్తుంది. పోసేశాక స్లాబు పగలగొడితే తప్ప తెలీదు.

వారంటీ కాయితం కూడా చదవండి. పనితనానికి 1 ఏడాది, ప్లంబింగ్, కరెంటు, ఏసీ లైన్లకు 2, ప్రధాన నిర్మాణానికి 6 అని బిల్డర్ రాసిస్తే, 2023 చట్ట సవరణతో దావా గడువు 10 ఏళ్ల నుంచి 6కు తగ్గిపోతుంది. లోపం కనబడితే ఫోన్లు, వాట్సాప్‌లతో సరిపెట్టొద్దు. దావాకు 60 రోజుల ముందే సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది) బిల్డర్‌కి నోటీసు పంపి, అందినట్టు వచ్చే రసీదు దాచుకోండి.