పైలట్ రిపోర్టులో మబ్బు ఎత్తు కుదరడంలా, కాస్త చెప్పండన్నా

కావలి నుంచి:
అన్నా, పైలట్ ట్రైనింగుకి అమెరికా పోతా ఉండా. రాతపరీక్షకి చదవతా, గాల్లో ఉన్న పైలట్ చెప్పిన ఈ వాతావరణ రిపోర్టు లైను కాడ ఆగిపోయినా:
యూఏ /ఓవీ డీఈఎన్ 090020 /టీఎం 1516 /ఎఫ్‌ఎల్095 /టీపీ సీ182 /ఎస్‌కే బీకేఎన్085-టాప్100 /టీఏ ఎం05 /ఐసీ ఎల్‌జీటీ రైమ్
అదే టైముకి డెన్వర్ మెటార్‌లో (ఎయిర్‌పోర్టు ఇచ్చే వాతావరణ రిపోర్టు) బీకేఎన్030 అనుంది. బీకేఎన్ అంటే ఆకాశంలో సగానికి పైగా మబ్బు, పక్కన అంకె దాని ఎత్తు వందల అడుగుల్లో. మబ్బు మూడు వేల అడుగుల్లోనా, ఎనిమిదిన్నర వేలలోనా? ఏది నమ్మాల?

ఒంగోలు నుంచి:
రెండూ నమ్ము తమ్ముడూ. మెటార్ నేల మీద నుంచి కొలుస్తుంది. పైలట్ సముద్రమట్టం నుంచి చెప్తాడు, ఆయన ముందున్న ఆల్టీమీటర్ (ఎత్తు కొలిచే మీటరు) చూపించేది అదే కాబట్టి. డెన్వర్ ఎయిర్‌పోర్టే 5,434 అడుగుల ఎత్తున ఉంది. దానికి 3,000 కలుపు, 8,434 వస్తుంది. రెండింట్లోనూ ఉండేది ఒకే మబ్బు. చెన్నై మెటార్లు చూసి అలవాటైనోళ్ళకి ఇది తట్టదు, సముద్రం పక్కన రెండు లెక్కలూ దాదాపు ఒకటే.

ఓవీ తర్వాత ఆరంకెల్ని మూడు మూడుగా విడగొట్టు: డీఈఎన్, అంటే డెన్వర్ నుంచి 090 డిగ్రీల దిక్కున 20 నాటికల్ మైళ్ళు. టీఎం అంటే టైము, యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) ఉంటుంది, మనకి రాత్రి 8:46. ఎఫ్‌ఎల్ వందల అడుగుల్లో, అంటే విమానం 9,500లో ఉంది. మబ్బు కిందిభాగం 8,500 అడుగులు, పైభాగం 10,000. అంటే మబ్బులోనే పోతా ఉండాడు, బయట మైనస్ 5. అందుకే తెల్లటి గరుకు మంచు కొద్దిగా పడతా ఉందని ఐసీలో చెప్పాడు. ఇట్ట ఒకదానికొకటి పొసిగిందంటే నువ్వు సరిగ్గా చదివినట్టే.

నెల్లూరు నుంచి:
విమానం రకం చెప్పే టీపీని దాటేయబాకబ్బాయ్. సీ182 అంటే చిన్న సెస్నా విమానం. కుదుపులు రాసే టీబీ దగ్గర ఇది చూడాల్సిందే. సెస్నావాడు ఎంఓడీ (మోడరేట్, ఓ మోస్తరు) అన్న కుదుపు పెద్ద బోయింగులో అంతగా తెలీకపోవచ్చు. బోయింగువాడే ఎంఓడీ అన్నాడా, చిన్న విమానంతో నేనైతే ఆ దారిన పోను.

కావలి నుంచి:
అర్థమైందన్నా! మరి యూయూఏ ఏంది?

ఒంగోలు నుంచి:
అర్జెంటు రిపోర్టు. తీవ్రమైన కుదుపులు, తీవ్రమైన ఐసింగ్ (విమానం మీద మంచు పేరుకోవడం), వడగళ్ళు, టోర్నడో, అగ్నిపర్వతం బూడిద, కిందెత్తులో విండ్ షియర్ (గాలి వేగం, దిక్కు ఉన్నట్టుండి మారడం) ఉంటే అట్ట మొదలవుతుంది. ఇంకోటి, ఎఫ్‌ఎల్ పక్కన అంకెలకి బదులు డీయూఆర్‌సీ ఉంటే పైకెక్కేటప్పుడు, డీయూఆర్‌డీ ఉంటే దిగేటప్పుడు చెప్పిందని. యూఎన్‌కేఎన్ అంటే ఎత్తు తెలీదని.