బీమ్‌ఫార్మింగ్‌ని "పుంజీకరణ" అనొచ్చా?

మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు 2018లో బయటపెట్టిన సూప్రా అనే ఓపెన్ సోర్స్ అల్ట్రాసౌండ్ సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో నాలుగు పేజీలు రాస్తున్నాను. అల్ట్రాసౌండ్‌కి బడి పుస్తకాల్లో "అతిధ్వని" ఉంది, పేచీ లేదు. బండి ఆగింది బీమ్‌ఫార్మింగ్ దగ్గర. ఒంటికి ఆనించే ప్రోబ్‌లో వరసగా ఉండే ఎలిమెంట్లు (శబ్దం పట్టే చిన్న ముక్కలు) విన్న ప్రతిధ్వనుల్ని ఒక్కటిగా కలిపే పని అది. బీమ్‌కి కిరణపుంజం ఉంది కదా అని "పుంజీకరణ" అన్నాను. మా తమ్ముడు చదివి, "మధ్యలో ఈ కోడిపుంజు ఏంటన్నయ్యా?" అన్నాడు.

జవాబు: తమ్ముడి మాట పక్కన పెట్టి, అక్కడ జరిగే పని చూడండి. ప్రోబ్‌కి సరిగ్గా మధ్యన, 3 సెం.మీ. లోతులో ఒక చుక్క ఉందనుకుందాం. దాని ప్రతిధ్వని ప్రోబ్ మధ్యకి 30 మి.మీ. నడుస్తుంది. 19 మి.మీ. పక్కనున్న అంచుకి దాదాపు 35.5 మి.మీ. ఒంట్లో శబ్దవేగం సెకనుకి 1540 మీటర్లు కాబట్టి అంచుకి 3.6 మైక్రోసెకన్లు ఆలస్యం. ముందొచ్చినదాన్ని ఆ కాస్తసేపూ ఆపి, వెనకొచ్చినదాంతో కలపాలి. తాడు లాగేవాళ్లు "ఐలేసా" దగ్గర ఒక్కసారి లాగినట్టు. ఎవరికి వాళ్లు లాగితే బండరాయి కదలదు. ఇంగ్లీషులో ఈ పద్ధతి పేరు "డిలే అండ్ సమ్". దానికి నా ఓటు "ఆపి కలపడం".

ఇంకొకరు: "పుంజీకరణ"ని అప్పుడే తోసేయకండి. వాన పుంజుకుంది, బేరాలు పుంజుకున్నాయి అంటాం. కలిపాక సిగ్నల్ పుంజుకుంటుంది కూడా. నిఘంటువు ఏమన్నా, చెవికి మాత్రం అర్థం తగులుతోంది. కాకపోతే ఆపడం అన్నదే ఆ మాటలో లేదు.

అడిగినవారు: కోడ్ తెరిచి ఉంది కాబట్టి మీరన్నది సరిచూసుకున్నాను. ఆపి కలపడమే. కానీ ఎన్నిసార్లో చూడండి: 400×300 చుక్కల బొమ్మకి, 128 ఎలిమెంట్ల ప్రోబ్‌తో అయితే, ఒక్క ఫ్రేముకే కోటిన్నర కూడికలు. సెకనుకి 30 ఫ్రేములు కావాలంటే మామూలు ప్రాసెసర్‌కి చెమటలే. అందుకే పని గ్రాఫిక్స్ కార్డుకి అప్పగించారు. శీర్షికలో బీమ్‌ఫార్మింగ్ అలాగే ఉంచి, కింద "ముందొచ్చినవాటిని ఆపి, వెనకొచ్చినవాటితో కలపడం" అని రాస్తున్నాను. పుంజీకరణ కొట్టేశాను, తమ్ముడు గెలిచాడు.

తర్వాతి మాట "అపొడైజేషన్". అంచు ఎలిమెంట్ల వాటా తగ్గించి కూడటం. గ్రీకు మూలం ప్రకారం "పాదాలు తీసేయడం" అట. దాన్ని తెలుగు చేసి స్కానింగ్ పేజీలో పెడితే పేషెంటు లేచి పరిగెడతాడు. "అంచు తగ్గింపు" నడుస్తుందా?