కిడ్నీ జబ్బు ఉన్నవారికి షుగర్ దానంతటదే తగ్గితే

దేవరకొండ రైతుబిడ్డ:
మా నాయనకు 68 ఏళ్లు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. కిడ్నీ పనితీరు తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ నిరుడు 1.8 ఉండేది, ఇప్పుడు 2.6కు చేరింది. అయితే రెండు నెలలుగా అదే ఇన్సులిన్, అదే జొన్నరొట్టెతో పరగడుపు షుగర్ 80 దాటడం లేదు. జబ్బు తగ్గుముఖం పట్టిందని ఇంటిల్లిపాదీ సంతోషించాము. మొన్న తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడితే పరీక్షించాము, 52 ఉంది. చక్కెర నీళ్లు తాగించాక తేరుకున్నారు. ఇలా ఎవరికైనా జరిగిందా?

పాలమూరు టీచర్:
మా అమ్మ విషయంలో మేమూ ఇలాగే పొరబడ్డాము. ఒంట్లోని ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని తొలగించేది మూత్రపిండాలే కాబట్టి, అవి దెబ్బతినేకొద్దీ ఆ మందు ఎక్కువసేపు నిలిచి, ఏళ్ల తరబడి సరిపోయిన మోతాదే ఎక్కువైపోతుందని నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) వివరించారు. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్రతోనూ ఇదే ప్రమాదం. మరో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను, కిడ్నీల వడపోత శక్తిని చూపే ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గితే ఆపేస్తారు. అమ్మకు రక్తహీనత ఉన్నందున మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీని ఒక్కదాన్నే నమ్మవద్దని, వేలి పరీక్ష లెక్కలు రాసి తెమ్మని చెప్పారు. దయచేసి ఆలస్యం చేయకుండా నాయనను చూపించండి.

మిర్యాలగూడ ల్యాబ్ టెక్నీషియన్:
బీపీ మాత్ర ఏది వాడుతున్నారు? టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి మూత్రంలో పోయే ప్రొటీన్‌ను తగ్గిస్తాయి. మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కాస్త పెరగవచ్చు. 30 శాతం లోపు పెరుగుదలైతే సాధారణంగా మందు కొనసాగిస్తారు. రిపోర్టు చూసి భయపడి సొంతంగా మానేసినవారిని చాలామందిని చూశాను, బాధ కలుగుతుంది. ఈ మందులతో, కిడ్నీ జబ్బుతో రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు కనుక ఒకటి రెండు వారాల్లో ఆ పరీక్ష మాత్రం తప్పక చేయించాలి.

మర్రిగూడ కోడలు:
పొటాషియం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. బీపీకి మంచిదని మా మామయ్యకు తక్కువ సోడియం ఉప్పు కొనితెచ్చాము. అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్ అని డాక్టరు మందలించేదాకా మాకు తెలియదు. ఇప్పుడు మామూలు ఉప్పునే బాగా తగ్గించి, చింతకాయ తొక్కు, అప్పడాలు పూర్తిగా మాన్పించాము. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా ఊరి పెద్దలకు కీళ్ల నొప్పులు ఎక్కువ, నొప్పి భరించలేక డైక్లోఫెనాక్ మింగుతారు. అది కిడ్నీనీ దెబ్బతీస్తుంది, బీపీనీ పెంచుతుంది.

దేవరకొండ రైతుబిడ్డ:
టీచర్ గారూ, నిన్ననే చూపించాము. రాత్రి ఇన్సులిన్ తగ్గించారు, టెల్మిసార్టాన్ కొనసాగించమన్నారు, బీపీ 130/80 లోపు ఉండాలన్నారు. నాయన జేబులో నొప్పి మాత్రల పట్టీ దొరికింది అక్కా. సోమవారం పొటాషియం పరీక్ష ఉంది, రిపోర్టు రాగానే ఇక్కడ రాస్తాను.