కొవ్వొత్తి మధ్యలో గుంట ఎందుకు పడుతోంది? పారఫిన్ మైనంతో పనిచేసినవాళ్లు చెప్పండి

వెలుగువత్తి:
ఇంట్లో కొవ్వొత్తులు పోయడం మొదలుపెట్టి నెలయింది. అచ్చు అంచుదాకా పోసినా, గట్టిపడేసరికి వత్తి చుట్టూ వేలు పట్టేంత గుంట పడుతోంది. మైనం కల్తీదా? నిన్న గిన్నెను నేరుగా స్టవ్ మీద పెడితే తెల్లటి పొగ కూడా లేచింది. చాలా టెన్షన్ పడ్డాను.

కర్బనగొలుసు:
కల్తీ కాదండీ. పారఫిన్ గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణం సుమారు పదోవంతు తగ్గుతుంది. అచ్చు గోడల దగ్గర ముందు గట్టిపడి, మధ్యలో చివరికి గట్టిపడుతుంది కాబట్టి ఆ లోటంతా వత్తి దగ్గర కనిపిస్తుంది. మంచుగడ్డ నీళ్లమీద తేలుతుంది కదా, ఇది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. గట్టి మైనం ముక్కను కరిగిన మైనంలో వేసి చూడండి, మునిగిపోతుంది.

భయపడాల్సింది పొగ గురించే. అది మైనం ఆవిరి. దాదాపు 200 డిగ్రీలకు చేరితే ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది. మైనం కరగడానికి 46 నుంచి 68 డిగ్రీలు చాలు. అందుకే వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, నీళ్లున్నంతసేపూ 100 దాటదు. ఎప్పుడైనా అంటుకుంటే మాత్రం నీళ్లు పోయొద్దు! నీళ్లు అడుక్కి చేరి ఒక్కసారిగా ఆవిరై, మండే మైనాన్ని ఎగజిమ్ముతాయి. స్టవ్ కట్టేసి మూత పెట్టండి.

దీపకళిక:
ఆవిరి మాట నిజమేనండీ. కొవ్వొత్తి ఆర్పగానే వత్తి నుంచి సన్నగా పొగ లేస్తుంది. ఆ పొగకు అగ్గిపుల్ల చూపించండి. వత్తిని తాకకుండానే మంట పొగవెంట కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. మా పిల్లలు పదిసార్లు చేయించారు. 1860-61లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే పిల్లలకు కొవ్వొత్తి మీద వరసగా ఉపన్యాసాలిచ్చారంటే ఆశ్చర్యమేముంది!

కీళ్లనొప్పి:
అమ్మ వేళ్ల నొప్పులకు ఫిజియోథెరపీలో వ్యాక్స్ బాత్ ఇస్తారు. 52 డిగ్రీల పైనున్న మైనంలో చెయ్యి ముంచి తీస్తే తెల్లటి గ్లవ్‌లా పట్టేస్తుంది. అంత వేడి నీళ్లయితే ఓర్చుకోలేం, ఇదెలా ఓర్చుకుంటుందో?

కర్బనగొలుసు:
మైనంలో వేడి నెమ్మదిగా ప్రవహిస్తుంది. పైగా చర్మానికి ఆనుకున్న పొర వెంటనే గట్టిపడి అడ్డుగా నిలుస్తుంది. ఆ తర్వాత మెల్లగా వేడి వదులుతూ ఉంటుంది. కొవ్వొత్తులు కరిగించి ఇంట్లో ప్రయత్నించకండి. వాటి మైనం చాలావరకు ఇంకా ఎక్కువ వేడికి గానీ కరగదు, చర్మం కాలుతుంది.

ల్యాబ్‌పనివాడు:
మేం బయాప్సీ (పరీక్షకు తీసిన కణజాలం) ముక్కల్ని పారఫిన్ దిమ్మెలో బిగించి 4, 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోస్తాం. ఒకదానికొకటి అతుక్కుని రిబ్బన్‌లా వస్తాయి. తర్వాత జైలీన్ అనే ద్రావకంలో వేస్తే మైనం కరిగిపోతుంది, కణజాలం మిగులుతుంది. పారఫిన్ దేనితోనూ తొందరగా చర్య జరపదు కాబట్టే లాటిన్‌లో ‘పొత్తు తక్కువ’ అనే అర్థమొచ్చేలా ఆ పేరు పెట్టారు.

వెలుగువత్తి:
అందరికీ ధన్యవాదాలు. ఈసారి నీళ్లగిన్నెలో కరిగించాను. సగం గట్టిపడ్డాక వత్తి పక్కన పుల్లతో పొడిచి, దాచిన మైనం మళ్లీ పోశాను. పైభాగం చదునుగా వచ్చింది. ముక్క కూడా వేసి చూశానండీ, నేరుగా అడుక్కి పోయింది.