అసలు విషయం భాగాల్లో ఉందా, వాటి మధ్య సంబంధాల్లో ఉందా?

పాలపిట్ట: జీవశాస్త్రమైనా, కంప్యూటర్‌లో పుట్టించిన డిజిటల్ జీవమైనా, ఏఐ అయినా, విడి భాగాలను ఎంత చూసినా అసలు సంగతి దొరకదని నా వాదన. హవాయి తీరంలో బొటనవేలంత స్క్విడ్ ఒకటి ఉంటుంది. దాని పొట్టలోని ఒక అవయవంలో విబ్రియో ఫిషెరి అనే బ్యాక్టీరియా చేరి రాత్రిపూట వెలుగుతుంది. ఒంటరిగా సముద్రంలో తిరిగేటప్పుడు అది వెలగదు. ప్రతి కణమూ ఒక రసాయనాన్ని వదులుతుంది. గుంపు చిక్కబడి ఆ రసాయనం ఒక మోతాదు దాటితేనే అన్నీ కలిసి వెలుగుతాయి.

కొండవాగు: ఒప్పుకోనండి. వెలుగుకు కావాల్సిన జన్యువులు ప్రతి కణంలోనూ ముందే ఉన్నాయి. గుంపు చేసింది స్విచ్ వేయడమే. మీరన్న ఏఐనే చూడండి. 2017లో ఆల్ఫాగో జీరో అనే ఏఐ ప్రోగ్రామ్ గో అనే బోర్డు ఆటను తనతో తానే మూడు రోజుల్లో 49 లక్షల సార్లు ఆడి, కొరియా గో ఛాంపియన్ లీ సెడోల్‌ను ఓడించిన పాత ఆల్ఫాగోను 100-0తో ఓడించింది. నిజమే. కానీ ఆట నియమాలు మనుషులు ఇచ్చినవే కదా?

పాలపిట్ట: నియమాలు ఇచ్చినా ఎవరూ ఊహించనిది పుట్టిన సందర్భం ఉంది. టామ్ రే అనే జీవశాస్త్రవేత్త 1990 ప్రాంతంలో టియెర్రా అనే ప్రోగ్రామ్ రాశారు. తనను తాను కాపీ చేసుకునే 80 ఆదేశాల చిన్న ప్రోగ్రామ్‌ను అందులో వదిలారు. కాపీలో అప్పుడప్పుడు తప్పులు దొర్లేలా ఏర్పాటు చేశారు. కొంతసేపటికి 45 ఆదేశాలవి కనిపించాయి. వాటిలో కాపీ చేసే భాగమే లేదు! పక్క ప్రోగ్రామ్‌లోని ఆ భాగాన్ని వాడుకుని బతికాయి. అంటే పరాన్నజీవులు. ఆ తర్వాత వాటికి లొంగనివి, చివరికి ఆ పరాన్నజీవులనే దోచుకునేవి కూడా వచ్చాయి. ఆ 45 ఆదేశాలదాన్ని విడిగా తీసి చూడండి, తనంతట తాను పిల్లను కనలేదు. దాని బతుకంతా పక్కదానితో ఉన్న సంబంధమే.

రేగుచెట్టు: ఇద్దరికీ ఒక మాట. సీ ఎలిగెన్స్ అనే ఒక మిల్లీమీటరు పురుగులో 302 నాడీకణాలే. ఏది దేనికి కలిసి ఉందో 1986లోనే పటం గీశారు. అయినా ఆ పటం చూసి పురుగు తర్వాత ఏం చేస్తుందో చెప్పలేకపోయారు. తీగలు లేకుండా రసాయనాల ద్వారా నడిచే కబుర్లు అందులో లేవు.

కొండవాగు: టియెర్రా మాట బాగుంది. కానీ కొంతకాలానికి అందులో కొత్తవి పుట్టడం మందగించింది. చాట్‌బాట్లనూ ఇలాగే జీవంతో పోలుస్తున్నారు, అవి రోజూ కోట్లమందితో మాట్లాడుతున్నాయి కాబట్టి.

పాలపిట్ట: అక్కడ నేను మీ పక్షమే. మాట్లాడుతున్నంతసేపూ చాట్‌బాట్‌ను నడిపే మోడల్ లోపలి విలువలు మారవు. గుర్తుపెట్టుకున్నట్టు అనిపించేది ఎక్కువగా పక్కన దాచిన రాతే. స్క్విడ్ అలా కాదు. బ్యాక్టీరియా చేరాక పిల్ల స్క్విడ్ అవయవం ఆకారమే మారిపోతుంది, వాటిని లోపలికి రప్పించిన నూగు భాగాలు కొద్ది రోజుల్లో ఊడిపోతాయి. ఇద్దరూ మారితేనే దాన్ని నేను సంబంధం అంటాను.