ఐవీఏ మధ్యలో ఐపీని మార్చుకోవచ్చా?

క్రాయ్‌డన్ నుంచి:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌కి కొత్త, ఇక్కడి పద్ధతులు ఇంకా పూర్తిగా తెలియవు. కార్డులు, పర్సనల్ లోన్ కలిపి 19,000 పౌండ్ల అప్పుకి ఐవీఏ (ఇండివిడ్యువల్ వాలంటరీ అరేంజ్‌మెంట్, అంటే అప్పు తీర్చడానికి అప్పులిచ్చినవాళ్లతో చేసుకునే వాయిదాల ఒప్పందం) చేయించుకున్నాను. 60 వాయిదాల్లో 14 కట్టాను. మొన్న వేరే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నా కేసు వాళ్లకు బదిలీ అయిందట, ఇకపై కొత్త ఖాతాకి కట్టాలట. పాతవాళ్లు ఫోన్ ఎత్తట్లేదు. షిఫ్టులు తగ్గడంతో నెలకు 180 కట్టడం కష్టంగా ఉంది. ఇంతలో ఎవరో ఫోన్ చేసి, 300 ఇస్తే మంచి ఐపీకి, అంటే ఐవీఏను నడిపే నిపుణుడికి, మారుస్తానంటున్నాడు. మారొచ్చా?

స్లౌ నుంచి:
తమ్ముడూ, ముందు ఆ 300 ఇవ్వకు. ఐవీఏ నడుస్తుండగా ఐపీని, అంటే ఇన్‌సాల్వెన్సీ ప్రాక్టీషనర్‌ని, మనకు నచ్చినట్టు మార్చుకోవడం కుదరదు. డబ్బు తీసుకుని మార్పిస్తాననేవాడి చేతిలో ఆ అధికారమే లేదు.

ఇది నీకూ అప్పులిచ్చినవాళ్లకూ మధ్య చట్టం గుర్తించిన ఒప్పందం. ఓటేసినవాళ్లలో అప్పు విలువ లెక్కన 75 శాతం ఒప్పుకున్నాకే మొదలైంది. దాన్ని నడిపే సూపర్‌వైజర్ నీ ఐపీ. ఆయన రిటైరైనా, లైసెన్స్ పోయినా, కంపెనీ వదిలినా ఆయన కేసులన్నిటినీ కోర్టు ఒకే ఉత్తర్వుతో ఇంకొకరికి అప్పగించవచ్చు. దీన్ని బ్లాక్ ట్రాన్స్‌ఫర్ అంటారు. నీకొచ్చిన ఉత్తరం నిజమైనదైతే ఇలాంటిదే అయ్యుండొచ్చు. ఒప్పందం షరతుల్లో వీలుంటే అప్పులిచ్చినవాళ్లు ఓటేసి సూపర్‌వైజర్‌ని మార్చొచ్చు. ఇక 1986 నాటి ఇన్‌సాల్వెన్సీ యాక్ట్ 263వ సెక్షన్ కింద కోర్టుకెళ్లే దారి ఉంది కానీ, లాయర్ ఖర్చు చూసుకుంటే నీ అప్పుకి అది గిట్టుబాటు కాదు.

రీడింగ్ నుంచి:
ఉత్తరంలోని ఖాతాకి ఇప్పుడే డబ్బు పంపకండి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇండివిడ్యువల్ ఇన్‌సాల్వెన్సీ రిజిస్టర్ ఉంది. మీ పేరు కొడితే సూపర్‌వైజర్ ఎవరో కనిపిస్తుంది. లైసెన్స్ ఉన్న ఐపీల జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఫోన్ నంబర్ ఆ జాబితాలోంచే తీసుకోండి, ఉత్తరంలోంచి కాదు. రిజిస్టర్‌లో ఇంకా పాత పేరే ఉంటే, కోర్టు ఉత్తర్వు కాపీ పంపమని కొత్త కంపెనీని అడగండి.

బదిలీల్లో ఎక్కువగా దెబ్బతినేది స్టాండింగ్ ఆర్డర్ (నెలనెలా దానంతట అదే డబ్బు పంపమని బ్యాంకుకిచ్చే ఆదేశం) మీద కట్టేవాళ్లు. డబ్బు పాత ఖాతాకే వెళ్తూ ఉంటుంది, కొత్తవాళ్ల పుస్తకంలో మాత్రం బాకీ పెరుగుతుంది. సాధారణంగా మూడు వాయిదాల బాకీ దగ్గర, ఒప్పందం తప్పారంటూ బ్రీచ్ నోటీసు వస్తుంది. కాబట్టి కొత్త ఖాతా నిజమేనని తేలిన రోజే పాతది ఆపి కొత్తది పెట్టండి. 14 వాయిదాలూ కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్లు పీడీఎఫ్‌గా దాచుకోండి. "నా పేరున ఇప్పటిదాకా ఎంత జమైంది, అందులో ఫీజు ఎంత, అప్పులవాళ్లకు ఎంత వెళ్లింది" అని ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాకపోతే సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్, అంటే నా గురించి మీ దగ్గరున్న సమాచారం ఇవ్వండనే అర్జీ, పెట్టండి. దానికి ఖర్చు లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి.

లెస్టర్ నుంచి:
నా లెక్కలో మీ అసలు సమస్య ఐపీ కాదు, ఆ 180. కొత్త ఐపీ వచ్చినా అదే ఒప్పందాన్ని నడుపుతారు, వాయిదా దానంతట అది తగ్గదు. తగ్గాలంటే మీరే అడగాలి. మూడు నెలల పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, షిఫ్టులు తగ్గినట్టు మేనేజర్ రాసిన కాగితం, కొత్త ఆదాయ వ్యయాల పట్టిక జత చేసి పంపండి. కొద్దిపాటి తగ్గింపుకి చాలా ఒప్పందాల్లో సూపర్‌వైజర్‌కే అధికారం ఉంటుంది. అంతకు మించితే వేరియేషన్, అంటే ఒప్పందంలో మార్పు ప్రతిపాదన, పెట్టి అప్పులవాళ్ల ఓటు అడగాలి. చెప్పకుండా వాయిదా కట్టడం మాత్రం ఆపొద్దు.

క్రాయ్‌డన్ నుంచి:
ఇది రద్దు చేసుకుని వేరే ఐపీ దగ్గర కొత్తది పెట్టుకుంటే?

లెస్టర్ నుంచి:
అది చాలా నష్టం. మొదటి ఏడాది వాయిదాల్లో పెద్ద భాగం ఫీజులకే పోతుంది. ఇప్పుడు ఆపితే అప్పు దాదాపు అలాగే, ఒక్కోసారి వడ్డీతో సహా, మళ్లీ మీద పడుతుంది. కొత్తదానికి మళ్లీ ఫీజు, మళ్లీ ఐదేళ్లు.

నిజంగానే కట్టలేని స్థితి వస్తే డెట్ రిలీఫ్ ఆర్డర్ (ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకు అప్పు నుంచి విముక్తి ఇచ్చే ఉత్తర్వు) గురించి అడగండి. 2024 జూన్ నుంచి అప్పు పరిమితి 50,000 పౌండ్లు, అంతకుముందున్న 90 పౌండ్ల ఫీజు కూడా ఎత్తేశారు. నెల ఖర్చులు పోను మిగిలేది 75 దాటకూడదు, ఆస్తి 2,000 మించకూడదు, కారుకి విడిగా 4,000 వరకు వీలుంది. ఐవీఏ నడుస్తుండగా ఇది రాదు. అందుకే రద్దు చేసుకునే ముందే అప్పుల మీద సలహా ఇచ్చే సంస్థలు స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్‌లలో ఒకరితో మాట్లాడండి. ముగ్గురూ ఉచితమే.

మనవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. ఊళ్లో మీ పేరున ఉన్న ప్లాటు, పొలం, లాకర్లోని బంగారం కూడా ఆస్తి కిందకే వస్తాయి. ఐవీఏ ఫారంలో రాయకపోయి ఉంటే ఇప్పుడైనా చెప్పండి. అవతలివాళ్లు కనిపెడితే ఒప్పందమే పోవచ్చు.

స్లౌ నుంచి:
పాతవాళ్ల మీద ఫిర్యాదుంటే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఇవ్వు. తేలకపోతే ప్రభుత్వ సంస్థ ఇన్‌సాల్వెన్సీ సర్వీస్ నడిపే కంప్లెయింట్స్ గేట్‌వేకి పంపు. వాళ్లు దాన్ని ఐపీకి లైసెన్స్ ఇచ్చిన సంస్థకు పంపిస్తారు. ఆ సంస్థ ఐపీ మీద చర్య తీసుకోగలదు కానీ నీ వాయిదాను మార్చలేదు. ఫిర్యాదు నడుస్తోందని కట్టడం ఆపితే బాకీ నీదే.

గ్లాస్గో నుంచి:
ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో ఉన్నది ప్రొటెక్టెడ్ ట్రస్ట్ డీడ్, చట్టమే వేరు. ఇక్కడివాళ్లు పై సెక్షన్లు పట్టుకుని ఉత్తరాలు రాయకండి.